గట్టి సూది

"ఈయన చెప్పేది అబద్ధం," అంది అఖిలాండం, ఏడుగురు మగవాళ్ళ ముందు.

దీపావళి వచ్చే ఐప్పసి నెల వాన ఆగకుండా కురుస్తోంది. రాజపాళయంలో దామోదరన్ గారి ముందు గదిలో ఆ ఆదివారం సాయంత్రం తడిసిన గొడుగుల వాసన తప్ప ఇంకో వాసన లేదు. మధ్యలో స్టూలు మీద గ్రామఫోన్ పెట్టె, చుట్టూ చాపల మీద వినేవాళ్ళు.

దామోదరన్ పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో గుమాస్తా పని చేసి రిటైరైన మనిషి. ఆయన ఆస్తి రెండే: నలభై సంగీతం ప్లేట్లు, తల్లి లేని ఒక్క కూతురు అఖిలాండం. ప్లేట్లను ఫ్లానెల్ గుడ్డలో చుట్టి దాచుకున్నాడు. కూతుర్ని మదురైలో అక్క ఇంట్లో ఉంచి చదివించాడు. ఈమధ్య చెయ్యి వణికి సూది సరిగ్గా పెట్టలేక, ఆ పనికి కూతుర్ని పిలిపించుకున్నాడు.

ఆదివారం కచేరీకి ఆయన పెట్టిన చట్టాలు రెండు. ఒకటి, ప్లేటు మీద మెత్త సూదే పెట్టాలి. గట్టి సూది బిగ్గరగా పలికిస్తుంది గాని ప్లేటును తినేస్తుంది. రెండు, ప్లేటు అయిపోయాక ఎవరేం విన్నారో వాళ్ళు చెప్పాలి. ఊరికే "బాగున్నది" అని ఊరుకున్నవాడికి కాఫీ లేదు.

చెప్పడంలో అళగిరిని మించినవాడు లేడు. మంసాపురం కుర్రాడు, ఆరేళ్ళుగా స్పిన్నింగు మిల్లులో పని. దూరపు వరసలో దామోదరన్‌ను మామా అని పిలుస్తాడు. కళ్ళు మూసుకుని వింటాడు. కళ్ళు తెరిచి చెబుతుంటే, ప్లేటు కంటే చెప్పిందే బాగుందని కొందరనేవారు.

ఆ రోజు ముఖారి రాగం ప్లేటు. "చివర్లో వయొలిన్ పైపైకి పోయి, తెగేముందు దారం లాగినట్టు సన్నగా అయిపోయె మామా," అన్నాడు అళగిరి. అప్పుడే అఖిలాండం పై మాట అంది.

"చివర్లో వయొలిన్ ఎక్కడ ఉన్నది? అక్కడ గీత పడిందని నేను సూదిని ముందే ఎత్తేసినాను. ఈయన కండ్లు మూసుకొని నిద్రపోయినాడు!"

గది ఘొల్లుమంది. అళగిరి ముఖంలో నెత్తురు చుక్క లేదు. దామోదరన్ మాత్రం పొంగిపోయాడు.

"నీకేం తెలుసు పాపా! సూది ఎత్తినా వీని చెవిలో పాట ఆగలేదు. అదిదా రసికత!"

చుట్టుపక్కల వాళ్ళు తలలూపారు. అళగిరి ఆ రోజు కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

రాత్రి భోజనాల దగ్గర దామోదరన్ మెల్లగా విషయం తీశాడు. "దీపావళికి మదురై నుంచి కొత్త శహానా ప్లేటు వస్తుంది. ఇంతదాకా ఎవరూ వినలేదు. ఆ రోజు అళగిరిని ఒకటి అడగాలనుకున్నాను, నీ కోసరం. చెవి ఉండే అల్లుడు కావాల నాకు."

"నాకు అబద్ధాలకోరు వద్దు."

అన్నది గాని, ఆ పాలిపోయిన ముఖం ఆమెను వదల్లేదు. దొరికిపోయిన దొంగ బుకాయిస్తాడు, లేదా నవ్వేస్తాడు. ఈయన ఎందుకు అంత భయపడ్డాడు?

బుధవారం కుట్టు క్లాసు నుంచి వస్తుంటే మిల్లు సంగు, అదే సైరన్, కూసింది. షిఫ్టు దిగిన జనంలో అళగిరి, నెత్తిన పత్తి పీచు, ఒంటరిగా రోడ్డు వార నడుస్తున్నాడు. క్షమాపణ చెప్పాలనుకుంది.

"ఏమండీ!"

తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచింది. లేదు. నలుగురూ చూస్తున్నారు. ఆమెకు ఉక్రోషం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఏ మగవాణ్ణీ పిలవని పిలుపు ఒకటి వీధి మధ్యలో పిలిచేసింది. అయినా అతను తిరిగి చూడలేదు. సరే, ఇంత పొగరా అనుకుంది.

అంతలో తళవాయిపురం బస్సు అతని వెనకే వచ్చింది. హారన్ మోగుతోంది. అతను పక్కకు జరగడం లేదు. అఖిలాండం పరుగెత్తి అతని చొక్కా పట్టి లాగింది. డ్రైవర్ ఇద్దర్నీ అరవంలో తిట్టి పోయాడు.

బస్ స్టాపు రేకుల కింద ఇద్దరూ నిలబడ్డారు. చొక్కా జేబు చిరిగింది. ఆమెకు అంతా అర్థమైంది.

"అన్నిసార్లు పిలిచినా వినపడలేదా? ఎన్ని దినాలుగా?" అంది అతని దగ్గరికి వచ్చి.

"మొదట కీచురాళ్ళ అరుపు పోయె. తరువాత తంబురా పోయె. ఒక ఏడాదిగా వయొలిన్ లేదు. మా మిషను మోతకు అక్కడ అందరికీ ఇంతేలే. వాండ్లకు పాట అక్కర లేదు, కాబట్టి తెలీదు."

"మరి నేను చెప్పేది?"

"వేరేవాండ్ల మాట పెదవులు చూసి కనిపెడతాను. నీ గొంతు గట్టిది గదా. దగ్గర ఉంటే వినపడుతుంది. తిట్టినావంటే ఇంకా బాగా."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏడుపే గెలిచింది.

"వినపడనిదానికి ఆదివారం ఎందుకు వస్తారు?"

"ముందు విన్నవి జ్ఞాపకం ఉండాయి. అవే చెప్తాను. వారమంతా మిషను ముందర నిలబడేవానికి ఆ చాప మీద ఒక చోటు చాలు. నాకు వేరే ఏముంది?"

"కొత్త ప్లేటు వస్తే?"

అళగిరి చిరిగిన జేబును లోపలికి మడుచుకున్నాడు. రేకుల మీద వాన ఎంత మోగుతోందో అతనికి తెలియదని ఆమెకు గుర్తొచ్చింది.

"ఆ రోజు నాయన మిమ్మల్ని ఒకటి అడగబోతాడు," అంది.

"ఏమి?"

"అది కూడా వినపడలేదా?"

అళగిరి చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆ మాట మాత్రం బాగా వినపడింది.

శహానా ప్లేటు వచ్చింది. దామోదరన్ మెత్త సూదితో ఒక్కసారి పెట్టించుకుని విని, మళ్ళీ గుడ్డలో చుట్టాడు. మర్నాడే బస్ స్టాపులో అఖిలాండం పాఠం మొదలైంది.

"పోయివస్తానని లేచి, చెప్పు తొడుక్కొని, మళ్ళీ తిన్నె మీద కూచుంటాడే ఒక చుట్టం, ఆ మాదిరి ఉంటుంది పాట."

"ఎన్నిసార్లు కూచుంటాడు?"

"మూడు సార్లు. మూడోసారి వయొలిన్ కూడా వచ్చి పక్కన కూచుంటుంది."

"తరువాత పోతాడా?"

"పోడు. ప్లేటు అయిపోతుంది."

అళగిరి కళ్ళు మూసుకోలేదు. ఆమె పెదవులనే చూస్తూ విన్నాడు. ఆమె కుట్టు క్లాసులో ఆ వారం ఒక్క జాకెట్టూ సరిగ్గా కుదరలేదు.

ఆదివారం మళ్ళీ వాన. గది నిండింది. ప్లేటు తిరిగింది, ఆగింది. ముందుగా బడిపంతులు సుందరరాజన్ వాధ్యార్ తన వంతు చెప్పాడు: పాడిన మహానుభావుడికి తెలుగు నోరు తిరగలేదట. అందరూ నవ్వారు. మిగతావాళ్ళ వంతులూ అయిపోయాయి. దామోదరన్ అళగిరి వైపు తిరిగాడు. ముసలాయన ముఖంలో పెళ్ళి కళ అప్పుడే వచ్చేసింది.

"ఈ పాట, మామా... పోయివస్తానని లేచి, చెప్పు తొడుక్కొని..."

ఆగిపోయాడు. చెప్పెయ్, చెప్పెయ్ అని అఖిలాండం కళ్ళతోనే బతిమాలింది.

"ఈ మాట నాది కాదు మామా. నాకు పాట వినపడలేదు."

"వాన శబ్దమా?"

"వాన కూడా వినపడలేదు మామా."

అళగిరి ఉన్నదంతా చెప్పాడు. మిషను, తంబురా, వయొలిన్, ఏడాదిగా చెప్పిన అబద్ధాలు. చెప్పి గొడుగు చేతిలోకి తీసుకున్నాడు.

"ఏడాదిగా నన్ను మోసం చేసినావా?" అన్నాడు దామోదరన్.

"చేసినాను. ఈ చాప మీద చోటు పోతుందని. ఇప్పుడు మీరు ఇంకా పెద్ద చోటు ఇస్తారంట. దాన్ని దొంగతనంగా తీసుకోలేను."

దామోదరన్ ప్లేటు మీదికి వంగి చూశాడు. నల్లగా, కొత్తగా, ఒక్క గీత లేకుండా మెరుస్తోంది. తరువాత అన్నాడు:

"పాపా, గట్టి సూదుల డబ్బా ఎక్కడ పెట్టినావు?"

"నాయనా! శహానా ప్లేటు! అరిగిపోదా?"

"అరగనీ. వినేవాణ్ణి వానలోకి తరిమి, ప్లేటును గుడ్డలో చుట్టుకొని నేనేం చేసేది? ఏ అబ్బాయ్, గొడుగు ఆడ పెట్టు. పెట్టె నోటి దగ్గర కూచో."

తుప్పు పట్టిన డబ్బా మూత రాలేదు. అఖిలాండం పళ్ళతో లాగింది. కొత్త సూది బిగించి ప్లేటు మీద దించింది.

పాడేవాడి గొంతు గది పగిలేటట్టు వచ్చింది. వాధ్యార్ చెవులు మూసుకున్నాడు. అళగిరి మూసుకోలేదు. అతని తల చిన్నగా ఊగింది. ఏడాది తరువాత పాట, చిరుగులు పడినదైనా, అతని దాకా వచ్చింది. నడుమ ఒకచోట ముఖం మళ్ళీ ఖాళీ అయిపోయింది. అఖిలాండం వంగి, అందరి ముందే, అతని చెవి దగ్గర చెప్పింది.

"ఇప్పుడు వయొలిన్. వచ్చి పక్కన కూచుండాది."

అతను నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దామోదరన్ పాట వినడం మానేసి వాళ్ళిద్దరినే చూస్తున్నాడు.

ప్లేటు ఆగింది. దాని మీద సన్నటి తెల్లటి పొడి లేచింది. ఆయన దాన్ని వేలితో తుడిచి, ఒక్క క్షణం బాధపడి, చట్టం ప్రకారమే అడిగాడు.

"చెప్పు. ఏం విన్నావు?"

"సగం విన్నాను మామా."

"మిగతా సగం?"

అళగిరి అఖిలాండం వైపు చూశాడు.

"సరి. ఇకమీద అది చెప్తుంది, నీ జన్మంతా. దాని నోరు నీకు తెలుసుగదా, తట్టుకుంటావా?" అన్నాడు దామోదరన్. తరువాత లోపలికి కేక వేయబోయి, కాఫీ కలిపే మనిషి ఇక్కడే కూర్చుని ఉందని గుర్తొచ్చి, తానే లేచాడు.

అందరూ గొడుగులు వెతుక్కుంటున్నారు. ఆ చెవులు బాగుపడవని, ఆ ప్లేటు కూడా మునుపటిలా పలకదని ఇద్దరికీ తెలుసు. అయినా అళగిరి అరిగిన సూదిని వేళ్ళ మధ్య తిప్పుతూ అడిగాడు.

"ఆ పొద్దు రోడ్డులో నన్ను ఏమని పిలిచినావు?"

ఆమె అటూ ఇటూ చూసి, అతని చెవి దగ్గరికి వంగింది.

"బావా."

"వినపడలేదు. ఇంకొకసారి."

"అబద్ధం," అంది అఖిలాండం. కానీ మళ్ళీ పిలిచింది.