ఐనవిల్లి డబ్బీ

ఆవు పాలు తీసుకుని సువర్ణ వంటింట్లోకి వచ్చేసరికి, అత్తగారు మార్తమ్మ పీట వేసుకుని రొయ్యలు వలుస్తోంది. ఆ రోజు ఆదివారమూ కాదు, పండగా కాదు. విశాఖపట్నం నుంచి కూతురు షైనీ వస్తోంది. కూతురు వస్తోందంటే ఆవిడ మోకాళ్ళ నొప్పులు ఏ గోదాట్లో కలుస్తాయో ఎవరికీ తెలియదు. మిగతా రోజుల్లో మాత్రం ఉల్లిపాయ తరగాలన్నా నడుం పట్టేస్తుంది.

"అమ్మాయ్, ముందు గదిలో మంచం మీద కొత్త దుప్పటి వెయ్యి. బాబుని అటు రానివ్వకు. వీడు ఏడిస్తే దాని చదువు పాడవుద్ది," అంది మార్తమ్మ.

"అలాగేనండీ అత్తయ్యా."

దుప్పటి దులుపుతుంటే సువర్ణకి కడుపులో మంట మొదలైంది. అది కొత్త మంట కాదు, అయిదేళ్ళ నాటిది. అమలాపురం కాలేజీలో ఆమే, షైనీ ఒకే బెంచీ. మూడేళ్ళూ మొదటి మార్కు సువర్ణదే, రెండోది షైనీది. బీఎస్సీ అయిన వేసవిలోనే షైనీ అన్నయ్య అబ్రహాముతో సంబంధం వచ్చింది. హైస్కూల్లో లెక్కల మాస్టారు, నెమ్మదస్తుడు. సువర్ణ తండ్రి ఏసుపాదం మారుమాట లేకుండా ఒప్పేసుకున్నాడు. ఎమ్మెస్సీ ప్రవేశపరీక్ష జరిగిన రోజున సువర్ణ పెళ్ళి చీరకి జాకెట్టు కొలతలు ఇస్తోంది. ఆ పరీక్ష రాసిన షైనీ యూనివర్సిటీకి వెళ్ళింది. ఇప్పుడు డాక్టరేటు చేస్తోంది.

షైనీ పరిశోధన రోటావైరస్ మీద. చంటిపిల్లలకి చలికాలంలో వాంతులు, నీళ్ళ విరేచనాలు తెప్పించేది అదే. మార్తమ్మకి అది ఎన్నిసార్లు చెప్పినా, వీధిలో మాత్రం "మా అమ్మాయి చక్రం పురుగుకి డాక్టరు" అనే చెప్పుకుంటుంది. సూక్ష్మదర్శినిలో బండి చక్రంలా కనిపిస్తుందని షైనీ ఒకసారి అన్నది, ఆవిడకి అంతే గుర్తుండిపోయింది. సువర్ణకి మాత్రం మొత్తం గుర్తే. మూడు పొరల పెంకు, లోపల పదకొండు ముక్కలుగా ఆర్ఎన్ఏ. మనిషికి ఇంటిపేరూ పేరూ ఉన్నట్టు, పైపొరలోని రెండు ప్రోటీన్లని బట్టి ఒక్కో రకానికీ రెండు గుర్తులు. ఇది చేరిన కుటుంబంలోనే గొర్రెలకి నీలినాలుక రోగం తెప్పించేది ఒకటి, వరిని గిడసబార్చేది ఒకటి. షైనీ వదిలేసి వెళ్ళిన కాగితాలన్నీ బాబుకి పాలు పడుతూ చదివేసింది. చదివిన ప్రతిసారీ ఇది నాకు దక్కాల్సింది కదా అని కుళ్ళిపోయింది.

పోయిన డిసెంబరులో షైనీ నెల రోజులు ఇక్కడే ఉండి నమూనాలు పోగుచేసింది. జబ్బు పడ్డ పసిపిల్లల విరేచనం చిన్న డబ్బీల్లోకి తీసుకుని, ఐసు పెట్టెలో భద్రపరచాలి. ఊళ్ళలో ఒక్క తల్లీ ఇవ్వలేదు. పిల్లాడి గుడ్డ పరాయివాళ్ళ చేతికి పోతే చిల్లంగి పెట్టి చేతబడి చేస్తారని భయం. పెళ్ళికాని పిల్ల, ప్యాంటూ చొక్కా వేసుకుని వచ్చి అడిగితే ఎవరిస్తారు? అప్పుడు సువర్ణ బాబుని చంకనేసుకుని వెంట వెళ్ళింది. తనూ పసివాడి తల్లే కాబట్టి ఆడవాళ్ళు నమ్మారు. ఐనవిల్లి, ముమ్మిడివరం, కాట్రేనికోన, అన్ని చోట్లా డబ్బీలు నిండింది ఆమె చేతి మీదుగానే.

ఒక రోజు షైనీ వేరే ఊరు వెళితే, సువర్ణ ఒక్కతే ఐనవిల్లి నుంచి లక్ష్మీదుర్గ అనే అమ్మాయి బిడ్డ డబ్బీ తెచ్చింది. వీధి అరుగు మీద మార్తమ్మ పాస్టరుగారి భార్యతో మాట్లాడుతోంది. "మా కోడలాండీ? దానికేం తెలుసు, ఇల్లే లోకం. మా షైనీకి పెట్టె మొయ్యడానికి సాయం తిరుగుతుందంతే."

సువర్ణ పెరట్లోకి వెళ్ళిపోయింది. పాకలో దూడ రెండు రోజులుగా నీళ్ళ విరేచనాలతో పారుతోంది. అక్కడ నిలబడి ఆ డబ్బీ పారబోసి, కడిగి, దూడది నింపి మూత బిగించింది. ప్రొఫెసరు ముందు షైనీ ఒక్కసారైనా తప్పు జవాబుతో నిలబడాలి. ఆ క్షణాన ఆమెకి కావలసింది అదొక్కటే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెప్పేద్దామనుకుంది, కానీ తెల్లారేసరికి షైనీ పెట్టె తీసుకుని బస్సెక్కేసింది.

ఈసారి షైనీ బస్సు పది గంటలకి వచ్చింది. షైనీ సంచీ గుమ్మంలోనే పడేసి, లోపలికి పరిగెత్తుకొచ్చి సువర్ణని కావలించుకుంది.

"వదినా! ఐనవిల్లి డబ్బీ గుర్తుందా? లక్ష్మీదుర్గ గారి బాబుది?"

సువర్ణ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏం, ఏమైంది?"

"అందులో ఉన్నది మనుషుల రకం కాదు. దూడల్లో కనిపించే రకం! దూడ నుంచి పసిబిడ్డకి వచ్చిందన్నమాట. మా సారు మూడుసార్లు పరీక్ష చేయించేరు, మూడుసార్లూ అదే. వచ్చే నెల ఢిల్లీ సదస్సులో దీని మీద పేపరు నేనే చదువుతున్నాను. వదినా, నా దశ తిరిగిపోయింది!"

కూలదోద్దామని చేసిన పనే దాన్ని పల్లకీ ఎక్కించింది. చివరికి దూడ కూడా దాని పక్షమే, అనుకుంది సువర్ణ. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. ఢిల్లీలో చదివాక ఎవరో ఒకరు వచ్చి ఆ బిడ్డకే మళ్ళీ పరీక్ష చేస్తారు. అబద్ధమని తేలుతుంది. షైనీ పేరు ఇక ఎవరూ నమ్మరు. దానికి తను చేయాల్సిందేమీ లేదు, నోరు మూసుకుంటే చాలు. నిజం చెప్పొద్దూ, ఆ ఆలోచన ఆమెకి తియ్యగానే ఉంది. రొయ్యల కూరలో ఉప్పు సరిచూసి దించింది.

భోజనాల దగ్గర అబ్రహాము అడిగాడు. "మీ వదిన కూడా ఊళ్ళు పట్టుకు తిరిగింది కదే. ఆ పేపర్లో సువర్ణ పేరు వేస్తారా?"

"చివర్లో వేస్తారన్నయ్యా, స్థానిక సహాయం చేసినవాళ్ళు అని," అంది షైనీ, రొయ్య నోట్లో పెట్టుకుంటూ.

"అంతకన్నా ఏం కావాలి," అంది మార్తమ్మ.

ఇక చెప్పకూడదని సువర్ణ గట్టిగా నిశ్చయించుకుంది.

మర్నాడు పొద్దున్నే వదినా ఆడపడుచులు ఐనవిల్లి వెళ్ళారు. ఆ బిడ్డని ఆస్పత్రికి రప్పించి రక్తం తీయించాలనీ, ఇంట్లో ఆవుని చూడాలనీ షైనీ ఆత్రం. కొబ్బరితోట మధ్య పెంకుటిల్లు. లక్ష్మీదుర్గ ఎదురొచ్చి మంచినీళ్ళు ఇచ్చింది. ఆమె అత్తగారు మాణిక్యం అరుగు మీద చీపుళ్ళు కడుతోంది. బాబు బొద్దుగా, ఆరోగ్యంగా పాకుతున్నాడు.

"బాబుకి అప్పుడు వచ్చిన వైరస్ దూడలకొచ్చే రకమండీ," అంది షైనీ ఉత్సాహంగా. "మీ పాకలో దూడ ఉంది కదండీ? బాబుని దాని దగ్గరికి తీసుకెళ్ళేవారా?"

మాణిక్యం చేతిలో ఈనెలు కింద పెట్టింది. "పశువు రోగమా? నా మనవడికి పశువు రోగం అంటించిందా ఇది?"

"అలా కాదండీ, ఎవరో అంటించేరని..."

"నాకు తెలుసండీ! పుట్టింటి నుంచి ఆవుని తోలుకొచ్చినప్పుడే అన్నాను. పాలు తీస్తూ పిల్లాణ్ణి పాకలో కూచోబెట్టేది. ఆ ఆవుతో పాటు దీన్నీ పంపించెయ్యమంటాను మావాణ్ణి!"

"ఆయ్, నేనెప్పుడూ కూచోబెట్టలేదండీ. ఒట్టండీ. బాబు మీద ఒట్టు," అంది లక్ష్మీదుర్గ.

"ఒట్లు పెట్టకు! చదువుకున్నవాళ్ళు అంత దూరం నుంచి వచ్చి అబద్ధం చెప్తారా?"

లక్ష్మీదుర్గ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఆ తప్పు ఆమెది కాదని చెప్పడానికి ఆ ఇంట్లో ఒక్కరూ లేరు. అత్తగారింట్లో ఆ నిలబడడం ఎలా ఉంటుందో సువర్ణకి బాగా తెలుసు. షైనీ పాడైపోతే చూద్దామనుకుంది గానీ, ఈ పిల్ల ఏం చేసింది?

"ఆగండమ్మా," అంది సువర్ణ. "మీ కోడలి తప్పేం లేదండీ. ఆ డబ్బీలో ఉన్నది మీ మనవడిది కాదు. మా దూడది. నేనే మార్చేను."

షైనీ నవ్వబోయింది. సువర్ణ ముఖం చూసి ఆగిపోయింది. "ఏమంటున్నావు వదినా?"

"కావాలనే మార్చేను."

షైనీ మాణిక్యానికి చేతులు జోడించి, "తప్పు మాదండీ. మీ కోడల్ని ఏమీ అనకండి," అని చెప్పి రోడ్డు వైపు నడిచింది. బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అమలాపురం వచ్చేదాకా షైనీ కిటికీలోంచి తల తిప్పలేదు.

ఇంటికొచ్చాక కూతురి ముఖం చూసి మార్తమ్మ కంగారు పడింది. "ఏమైందే? వాళ్ళు రామన్నారా?"

"పేపరు లేదమ్మా. ఢిల్లీ లేదు."

"నేను చెడగొట్టేనండీ అత్తయ్యా," అని సువర్ణ జరిగిందంతా చెప్పింది. అరుగు మీద మాటలు విన్నది కూడా దాచలేదు.

మార్తమ్మ శివాలెత్తిపోయింది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టేదానివి! ఏం తక్కువ చేసేమే నీకు? నా కూతురి అయిదేళ్ళ కష్టం దూడ పెంటలో కలిపేస్తావా? అబ్రహామూ, విన్నావా నీ పెళ్ళాం నిర్వాకం?"

"ఏమీ తక్కువ చెయ్యలేదండీ," అంది సువర్ణ. ఏడుపు ఆగడం లేదు. "షైనీ మాట్లాడితే మీరు పొయ్యి కట్టేసి మరీ వింటారు. నేనూ అదే పుస్తకం చదివేను కదండీ. ఈ ఇంట్లో ఒక్కరైనా, ఒక్కసారైనా ఆ మాట అనుకున్నారా? దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుందండీ. ఎంత ఆపుకున్నా మండుతుంది. నేను మంచిదాన్ని కాదు."

"అమ్మా, నువ్వు లోపలికెళ్ళు," అంది షైనీ.

"ఎందుకెళ్ళాలి?"

"అయితే ఇక్కడే ఉండి విను. వదినా, నీ మీద కోపం నాకింకా పోలేదు. ఇప్పట్లో పోదు కూడా. కానీ నువ్వు ఐనవిల్లిలో అంతమంది ముందు చెప్పేవు. నేను అయిదేళ్ళుగా చెప్పలేకపోతున్నాను."

"ఏంటి?"

షైనీ తల వంచుకుంది. "అన్నయ్యకి నీ ఫొటో చూపించింది నేను. పిల్ల బావుంటుంది, త్వరగా చేసెయ్యి, పెళ్ళి వేసవిలోనే పెట్టించు అని అమ్మ వెంట పడిందీ నేనే. ఆ ఏడు సీట్లు తక్కువ. మనిద్దరిలో ఒక్కరికే వస్తుందని సార్లంతా అన్నారు. ఆ ఒక్కరూ నువ్వేనని నాకు తెలుసు. మూడేళ్ళు నీ వెనక రెండోదాన్నిగా ఉండి విసిగిపోయేను. నువ్వు పరీక్ష రాయకూడదనుకున్నాను. నీ పెళ్ళిలో అందరికన్నా ఎక్కువ ఏడ్చింది నేను. వదినంటే ఎంత ప్రేమో అన్నారు చుట్టాలు."

సువర్ణకి అయిదేళ్ళుగా తనని తాను తిట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి. స్నేహితురాలి బాగు చూసి ఓర్వలేని నీచురాలినని, ప్రార్థనలో కూడా అదే చెప్పుకుని ఏడ్చింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే ఏం చేసేదానివి?"

"జన్మలో నీతో మాట్లాడేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు."

గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న అబ్రహాము గొంతు సవరించుకున్నాడు. "మొత్తానికి ఒక సీటు ఖాళీ చేయించడానికి నేను పనికొచ్చేనన్నమాట," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. భార్య దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "నీకు పైచదువు మీద మనసుందో లేదో నేనూ అడగలేదు. లెక్కల మాస్టారినై ఉండి ఆ లెక్క చూసుకోలేదు."

మార్తమ్మ కోడలి చంకలోంచి మనవణ్ణి తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల ఆవిడ ముక్కు చీదడం వినిపించింది.

షైనీ పర్సు తీసుకుని లేచింది. "సారుకి ఇప్పుడే ఫోన్ చెయ్యాలి. సదస్సు వాళ్ళకి ఇవాళే చెప్పాలి."

"నేనే చెప్తాను," అంది సువర్ణ.

"తిడతారు వదినా."

"తిట్టనీ. చేసింది నేను."

సందు చివర ఎస్టీడీ బూత్‌లో షైనీ నంబరు కలిపి రిసీవరు అందించింది. సువర్ణ తను చేసింది చేసినట్టు చెప్పింది. అవతల ప్రొఫెసరు గారు తిట్టారు. తెలుగులో తిట్టారు, ఇంగ్లీషులో తిట్టారు. ఒక పసిబిడ్డ నమూనా పోయిందన్నారు, శాస్త్రం అంటే ఆటలా అన్నారు. అన్నిటికీ సువర్ణ "ఆయ్, అవునండీ" అంటూనే ఉంది. చివరికి ఆయన అలిసిపోయి, "అసలు నువ్వెవరమ్మా?" అని అడిగారు.

షైనీ వదిననండీ, అనడానికి సువర్ణ నోరు తెరిచింది. అయిదేళ్ళుగా ఎవరడిగినా చెప్పే జవాబు అదే. అబ్రహాము భార్యని, మార్తమ్మ గారి కోడల్ని, షైనీ వదినని.

"షైనీ క్లాస్‌మేట్‌నండీ," అంది. "బీఎస్సీలో ఫస్టొచ్చేను."

ఆ మాట పూర్తి కాకుండానే బావురుమంది. షైనీ రిసీవరు అందుకుని, ఇంకో చేత్తో ఆమెని దగ్గరికి లాక్కుంది. తనకీ ఏడుపు ఆగలేదు. అద్దం బయట నుంచి బూత్ అబ్బాయి కంగారుగా తొంగిచూశాడు.

"ఎవరైనా పోయేరాండీ?"

"లేదండీ," అన్నారు ఇద్దరూ.

బయటికి వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ కొంతదూరం నడిచారు. "ప్రవేశపరీక్ష జూన్‌లో ఉంటుంది వదినా," అంది షైనీ.

సువర్ణ ఆగి ఆమె వైపు తిరిగింది. "క్షమించేశాననుకోకు. ఇంకా చాలా తిట్టాలి నిన్ను."

"నేనూ తిట్టాలి."

"అయితే వదినా అనకు. పేరు పెట్టి పిలువు."

షైనీ అటూ ఇటూ చూసింది. అన్నగారి భార్యని నడివీధిలో పేరు పెట్టి పిలిస్తే, అమ్మ వింటే చంపేస్తుంది.

"సువర్ణా," అంది, గట్టిగానే.