రెండింటి నుంచి నాలుగింటి దాకా

నేను ఇళ్ళకు వెళ్ళి చూసే నర్సుని. పొద్దున ఎనిమిదింటికి సంచీ భుజాన వేసుకుని బయలుదేరితే, సాయంత్రానికి పది పన్నెండు గడపలు తిరుగుతాను. బీపీ చూడడం, ఇన్సులిన్ పొడవడం, పుళ్ళకు కట్టు మార్చడం. నా పేషెంట్లలో ఎక్కువమంది డెబ్భై దాటిన ఆడవాళ్ళు. నా పని ఐదు నిమిషాలే. మిగతా పావుగంటా కోడలి మీద ఫిర్యాదులు, మనవడి మార్కులు వింటాను. ఆ పావుగంట కోసమే వాళ్ళు నా దారి చూస్తుంటారని తెలుసు.

నాలుగు నెలల్లో ఐదుగురు పోయారు.

మొదట పోయింది ఆయాసం పెద్దావిడ. తర్వాత చెవిటమ్మ. ఆ తర్వాత మరో ముగ్గురు. అందరూ మంచం మీదే, నిద్రలో పోయినట్టే, మధ్యాహ్నం పూటే. ఇంట్లోవాళ్ళు పనులకూ బడులకూ వెళ్ళి వచ్చేసరికి చల్లబడిపోయి ఉన్నారు.

రెండో చావు నాకు నచ్చలేదు. చెవిటమ్మ కళ్ళలో సూదిమొనలంత ఎర్రటి చుక్కలున్నాయి. కింది పెదవి లోపల చితికి ఉంది. తల కింద దిండు తిప్పి చూస్తే గలీబు మీద ఇంకా తడి ఆరని మరక, దాని నడుమ పళ్ళ గుర్తులు.

డాక్టరుకి చెప్పాను. ఆయన కాగితం మీంచి తల ఎత్తలేదు. "ఎనభై రెండేళ్ళమ్మా. గుండె ఆగింది. ఆగక ఏం చేస్తుంది?"

ఇన్‌స్పెక్టరు దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళాను. మొదటిసారి కుర్చీ వేశాడు. నాలుగోసారి నన్ను చూడగానే ఫోను చెవికి ఆనించుకున్నాడు, అవతల ఎవరూ లేకపోయినా.

"తాళం పగిలిందా? లేదు. వస్తువు పోయిందా? లేదు. ముసలాళ్ళు పోతే కేసు పెట్టమంటే ఊరంతా కేసులేనమ్మా."

"తలుపు లోపలినుంచి వాళ్ళే తీశారు సార్. తెలిసినవాడే ఎవడో..."

"తెలిసినవాళ్ళంటే ముందు మీరే కదా?" అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు వారం రోజులు అన్నం సయించనివ్వలేదు. చచ్చిపోయిన ఐదుగురూ నాకు చెప్పుకోవలసినవన్నీ చెప్పుకున్నారు. వాళ్ళ తరఫున చెబుదామంటే వినే నాథుడు లేడు. ఒకావిడ కొడుకుని పట్టుకుని అడిగితే, "అమ్మ ప్రశాంతంగా పోయింది. మీరొచ్చి దాన్ని కూడా చెడగొట్టకండి" అన్నాడు. గోడకి తల బాదుకోవాలనిపించింది.

మిగిలినవాళ్ళలో టీచరమ్మ గురించే నాకు భయం. మూడో అంతస్తులో కూతురితో ఉంటుంది. ముప్పైఐదేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైంది. కళ్ళకి మసక, నోటికి మాత్రం పదును. ఒకరోజు కాలిపుండు కడుగుతుంటే ఆవిడే గొంతు తగ్గించి అంది.

"అమ్మాయ్, ఈ మధ్య మధ్యాహ్నాలు నా గదిలో ఎవరో ఆడవాళ్ళు కూర్చుంటున్నారే. పలకరిస్తే పలకరు. తలుపు వైపే చూస్తుంటారు."

"కల వచ్చి ఉంటుందమ్మా."

"లెక్క తప్పేదాన్ని కాదు నేను. ఐదుగురు."

మర్నాటి నుంచి రోజూ రెండు నుంచి నాలుగు దాకా ఆవిడ దగ్గరే ఉండడం మొదలుపెట్టాను. మిగతా ఇళ్ళవాళ్ళు తిట్టుకున్నారు. తిట్టుకోనీ అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దుటినుంచీ ఒకటే ముసురు. రెండున్నరకే చీకటి కమ్మింది. కరెంటు పోయింది. లిఫ్టు ఎక్కడో మధ్యలో ఆగి, కాసేపు గరగరమని ఊరుకుంది. టీచరమ్మ గోడవైపు తిరిగి కునుకు తీస్తోంది. తడిసిన సున్నం వాసన, డెట్టాలు వాసన. కిటికీ రేకు మీద వాన ఒక్క తీరుగా పడుతోంది.

ఆ వాన చప్పుడులో, మెట్ల మీద బూట్ల చప్పుడు.

తొందర లేని నడక. మూడో అంతస్తులో ఆగింది. తలుపు మీద రెండు వేళ్ళతో మెల్లగా కొట్టారు.

"పిన్నిగారూ... మందులు తెచ్చానండీ."

ఊపిరి పీల్చుకున్నాను. మందులాయన! మందుల షాపు నుంచి ఇంటింటికీ తెచ్చిచ్చే మనిషి. యాభై ఏళ్ళుంటాయి, నెమ్మదస్తుడు. అందర్నీ పిన్నిగారూ అంటాడు. గడియ మీద చెయ్యి వేశాను.

అక్కడే ఆగిపోయింది చెయ్యి.

టీచరమ్మకి మందులు కావాలని చీటీ రాసింది నేనే. షాపువాళ్ళు ఇబ్బంది పడకుండా ప్రతి చీటీ కింద ఒక ముక్క రాయడం నాకు అలవాటు. 'రెండు నుంచి నాలుగు దాకా ఒక్కరే ఉంటారు. గట్టిగా తలుపు కొట్టాలి.' చెవిటమ్మకీ అలాగే రాశాను. ఐదుగురికీ రాశాను. నా చేత్తోనే... నా అక్షరాలతోనే...

తలుపు కన్నంలోంచి చూశాను. కుడిచేతిలో మందుల పొట్లం ఉంది. ఎడమచేత్తో తడి తుడుచుకుంటూ, పెళ్ళికి వచ్చినవాడిలా జుట్టు సర్దుకుంటున్నాడు.

వంటగదిలోకి వెళ్ళి ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేశాను. "సార్... మందులాయన సార్... తలుపు దగ్గరున్నాడు..."

"ఎవరు, ఆయనా? మా అమ్మకీ ఆయనే తెచ్చిస్తాడు. బంగారంలాంటి మనిషి. వానలో నిలబెట్టకుండా తలుపు తియ్యండమ్మా." పెట్టేశాడు.

ఫోను నేలకేసి కొట్టాలనిపించింది. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

తలుపు వెనక మళ్ళీ ఆ గొంతు. ఈసారి గుసగుసగా, తలుపు సందుకి ఆనుకుని.

"సిస్టర్... మీ చెప్పులు బయటే ఉన్నాయి. మీరెందుకొచ్చారు ఈ వేళప్పుడు?"

తలుపు దగ్గరికి వచ్చి గడియ పట్టుకున్నాను.

"పర్లేదు. ఆగుతాను."

ఆగాడు. ఎంతసేపో తెలియదు. వాన... చీకటి... తలుపుకి అవతల ఒక మనిషి ఊపిరి. గడియ మీద నా రెండు చేతులూ...

అప్పుడు వినిపించింది.

కింద మెట్ల మీద, ఈడ్చుకుంటూ వేసే అడుగులు. ఒకరివి కాదు. చేతికర్ర టక్కుమని ఆనింది. ఆగింది. మళ్ళీ టక్కుమంది. మోకాళ్ళ నొప్పితో మెట్టు మెట్టుకీ నిలబడే నడక. ఆ నడకలు నాకు తెలుసు. ఒక్కొక్కటీ తెలుసు. గుండెల్లోంచి ఈలలా వచ్చే ఆ దగ్గు కూడా తెలుసు. ఆయాసం పెద్దావిడది. తలుపు సందులోంచి నొప్పుల తైలం వాసన లోపలికి వచ్చింది.

కన్నంలో కన్ను పెట్టాను. మెట్లు కనపడవు. వాడి వీపే కనిపిస్తోంది. మెట్ల వైపు తిరిగి ఉన్నాడు.

"ఎవరు?" అన్నాడు. కాసేపాగి, "పిన్నిగారూ..." అన్నాడు. ఆ మాట నడుమ విరిగింది.

వెనక్కి ఒక అడుగు వేశాడు. వీపు తలుపుకి తగిలింది. "తలుపు తియ్యండి సిస్టర్! తియ్యండి... మీకు దణ్ణం పెడతాను..."

నేను తియ్యలేదు.

అరుపు వినలేదు. దబ్బుమని ఒక చప్పుడు, దాని వెనక దొర్లిన చప్పుడు. ఆ తర్వాత వాన ఒక్కటే.

మళ్ళీ ఫోన్ చేస్తే ఇన్‌స్పెక్టరు గంట తర్వాత వచ్చాడు. మందులాయన మెట్ల మలుపులో పడి ఉన్నాడు. ప్రాణం ఉంది. కుడికాలూ కుడిచెయ్యీ చచ్చుబడ్డాయి, మాట పోయింది. అతని దగ్గర మందుల పొట్లం, నా చీటీ తప్ప ఏమీ లేవు.

"పాపం, జారిపడ్డాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మీరు తలుపు తీసుంటే ఇలా అయ్యేది కాదు."

టీచరమ్మే మంచం మీంచి కేకేసింది. "ఒరేయ్ పోలీసూ, నీకు చదువు చెప్పినవాళ్ళెవర్రా?"

నేను పైఅధికారులకు ఆరు ఉత్తరాలు రాశాను. చివరికి విచారణ చెయ్యమని ఆర్డరు వచ్చింది. మూడు వారాల తర్వాత ఇన్‌స్పెక్టరు మొక్కుబడిగా ఆస్పత్రికి వచ్చి, నన్నూ రమ్మన్నాడు. మందులాయన మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. తలా ఎడమచెయ్యీ మాత్రమే కదులుతున్నాయి. పలకలాంటి అట్ట మీద కాగితం పెట్టి, వేళ్ళ మధ్య పెన్సిలు ఇరికించాను.

"చంపింది నువ్వేనా?" అంటూ ఇన్‌స్పెక్టరు ఒక్కో పేరూ చదివాడు. చెవిటమ్మ పేరుకి అతను కళ్ళు మూసి తెరిచాడు. అవును. రెండో పేరు. అవును. మూడు. నాలుగు. అవును, అవును. ఇన్‌స్పెక్టరు మొహంలో రంగు మారింది. నాలుగు నెలలుగా నేను మొత్తుకున్నది నిజమైంది. అయినా నాకు సంతోషం కలగలేదు.

ఆఖర్న ఆయాసం పెద్దావిడ పేరు చదివాడు. అందరికంటే ముందు పోయినావిడ.

అతను తల అడ్డంగా ఊపాడు. కాదు.

"అబద్ధమాడకు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పెన్సిలు కదిలింది. వంకరటింకర అక్షరాలు. 'నేను వెళ్ళేసరికే పోయింది. పక్కన ఒకావిడ కూర్చుని ఉంది. ఆవిడే తలుపు తీసింది.'

"పిచ్చిరాతలు," అని ఇన్‌స్పెక్టరు ఫైలు మూసేశాడు. "నాలుగు ఒప్పుకున్నాడు, ఐదోది కూడా వీడి ఖాతాలోనే. ఇంతకంటే ఏం కావాలమ్మా మీకు?"

"ఆ ఇంట్లో ఆ వేళ ఇంకెవరూ లేరు సార్! ఆవిడెవరో అడగండి!"

అప్పటికే గుమ్మం దాటేశాడు. మళ్ళీ అదే. మళ్ళీ నేనొక్కదాన్నే.

మంచం మీదికి వంగాను. "ఎవరావిడ?"

'తెలీదు,' అని రాశాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా మొహంలోకి చూస్తూనే, కాగితం వైపు చూడకుండా, ఇంకో వరస రాశాడు.

'నా చేతిలో మీ చీటీ చూసి, మీ ఇల్లెక్కడో అడిగింది. చెప్పేశాను.'