రంగయ్య తలపాగా

"ఈ సీన్ నేను చెయ్యను," అంటూ ధర్మ తలపాగా మీద చెయ్యి పెట్టుకున్నాడు.

లబాసా చెరకు మిల్లుకి కాస్త దూరంలో వేసిన పాత కూలీ లైన్ల సెట్ ముందు అందరూ ఆగిపోయారు. అక్కడి తెలుగు సంఘం వాళ్లు, తమ తాతముత్తాతలు ఒప్పంద కూలీలుగా ఆ దీవులకి వచ్చిన గిర్మిట్ కాలం మీద సినిమా తీస్తున్నారు. ఆడపిల్లగా పుట్టి, మగవాడిగా ఓడెక్కి, చెరకు తోటల్లో మగవాడిగానే బతికిన రంగయ్య కథ అది. రంగయ్య వేషం ధర్మది. రంగయ్య మనసిచ్చిన నాగమ్మగా శోభన వేస్తోంది.

"అరే భయ్యా, తలపాగా తీస్తే లోపలి విగ్గు జుట్టు భుజాల మీదకి జారాలి. ఆడియన్స్‌కి షాక్! క్లైమాక్సే అది కదా," అన్నాడు డైరెక్టర్ బిజయ్.

"రంగయ్య ఎవర్నీ మోసం చెయ్యలేదు బిజయ్. ఆయన మగవాడే. నాలాగే."

డ్రెకేటిలో వరి పండించేవాళ్ల ఇంట్లో ధర్మ పుట్టినప్పుడు అందరూ ఆడపిల్ల అన్నారు. కాదని తనకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఆ సంగతి దాచడు, చాటింపూ వెయ్యడు. ఇంత మొండివాణ్ణి శోభన ఎక్కడా చూడలేదు. చూడగానే ముచ్చటేసింది.

"నాగమ్మకి షాకేంటి? అన్నీ తెలిసే ప్రేమించింది. నేనైనా అంతే," అనేసింది.

"నువ్వైనా?" ధర్మ కళ్లు నవ్వాయి.

"నాగమ్మ సంగతి చెప్తున్నా, హీరోగారూ!"

సీన్ మారిపోయింది. తలపాగా తలమీదే ఉండిపోయింది.

లబాసా వానకి షూటింగ్‌తో పనేముంది? కురిసినప్పుడల్లా ఇద్దరూ ఒకే రేకు కింద నిలబడి, చింతపండు చట్నీతో రొట్టె తినేవారు.

"తలపాగా తడిసింది, తియ్యి," అంది ఒకరోజు శోభన.

"నీకు షాక్ కొడితే?"

"కొట్టనీ, చూద్దాం."

తీశాడు. పొట్టి క్రాపు మీంచి నీళ్లు కారుతుంటే శోభన పైటకొంగుతో తుడిచింది. ఆ చెయ్యి అక్కడే పట్టుకుని ధర్మ మెల్లగా అడిగాడు.

"మీ అవ్వ ఒప్పుకుంటుందా?"

శోభన నవ్వు ఆగిపోయింది. తల్లి లేని పిల్లని వెంకటమ్మవ్వే పెంచింది. అవ్వ కాదంటే ఆ ఇంట్లో ఏదీ జరగదు. ధర్మని కాదంటే మాత్రం శోభన బతుకులో ఇంకేదీ బాగుండదు.

ఆఖరి రోజు పెళ్లి సీన్. మనవరాలికి అన్నం తెచ్చిన అవ్వ ఓ మూల కూర్చుంది. ధర్మ పసుపుతాడు ఎత్తి శోభన మెడ దాకా తెచ్చాడు.

"ఆపు! ఈ పెళ్లి జరిగేది నై!"

అవ్వ కర్ర టకటకలాడిస్తూ వచ్చి తాళి లాక్కుంది. ధర్మ ముఖం పాలిపోయింది. తలపాగా తీసి బల్లమీద పెట్టి, బండి వైపు నడిచాడు.

శోభనకి ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. "అతను ఏం తప్పు చేశాడవ్వా? చేసుకుంటే అతన్నే చేసుకుంటా. నువ్వు వద్దన్నా సరే!"

"వద్దని ఎవరన్నారే?" అవ్వ గుడ్లురిమింది. "ఖాలీ ఫోటో కోసం ఉత్తుత్తిగా తాళి కట్టి, మళ్లీ తీసి డబ్బాలో వేసేదా? మన ఇళ్లల్లో అలా ఉందా? మెడలో పడితే పడినట్టే. బిజయ్ కట్ అంటే పెళ్లి కట్ అయిపోతుందా?"

బిజయ్ తల గోక్కున్నాడు.

"ఏయ్ అబ్బాయ్! ఎక్కడికి పోతావు? ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకుని రా, మా పిల్లని అడగాలి. పెళ్లి మాటలప్పుడు తాగే యంగోనా, మంచిది తే. మా మగవాళ్ల పక్కన చాప మీద కూర్చుని తాగాలి నువ్వు."

ధర్మ వెనక్కి వచ్చి అవ్వ ముందు తల వంచాడు. అతని కళ్లల్లో నీళ్లు ఆగలేదు. అవ్వ బల్లమీది గుడ్డ తీసి దులిపి, తన చేత్తో అతని తలకి చుట్టి చుట్టి కట్టింది.

"ఇన్ని రోజులు వంకరగా కట్టావు. మా ఆయన ఇట్లా కట్టేవాడు, చూడు. పెళ్లికొడుకు తలపాగా ఇట్లా ఉండాలి."