ప్లగ్గు పీకినా ఆరని దీపాలు

హార్జ్ కొండల కింద మా ఊళ్లో హెడ్విగ్ ఇంటి నేలమాళిగ పేరెత్తితే బీరు తాగేవాళ్లు కూడా గ్లాసు కింద పెట్టేస్తారు. ఆమె మొగుడు ఫోల్కర్ చచ్చిపోయినా అక్కడ తన బొమ్మ రైళ్లు నడుపుతూనే ఉన్నాడట... వాటి మీద చెయ్యేస్తే విసిరికొడతాడట. బేరానికొచ్చిన పాత సామాన్ల వ్యాపారి ముందు పళ్లు ఆ మెట్ల మీదే రాలాయి. నేను నవ్వేవాణ్ణి. ఆ పట్టాలు ఫోల్కర్, నేనూ కలిసి పరిచినవే.

పక్కింటి ఊటె చెప్పింది విన్నాక నా నవ్వు ఆగిపోయింది. ఆ నేలమాళిగ కిటికీలోంచి తొంగి అంతా చూసిందట.

ఫోల్కర్ తమ్ముడు డెట్లెఫ్‌కి ఆ ఇంట్లో సగం వాటా. ఇల్లు అమ్మేసి వదినని వీధిలోకి గెంటాలని వాడి ఆత్రం. దెయ్యం పేరు చెబితే కొనేవాడు గుమ్మం తొక్కడం లేదు. దాంతో ఒళ్లు మండి, మొన్న చీకటి పడ్డాక గొడ్డలి పట్టుకొచ్చాడు.

అడ్డొచ్చిన హెడ్విగ్‌ని జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. ముక్కు పగిలింది.

"నీ మొగుడి దెయ్యాన్ని నరికి పొయ్యిలో పెడతానే!"

వాడు మెట్లు దిగాడు. కింద చీకట్లో బొమ్మ ఊరి దీపాలు వెలుగుతున్నాయి...

"కరెంటుంటేగా నీ ఆటలు!" — గోడలోంచి ప్లగ్గు పీకేశాడు.

దీపాలు ఆరలేదు.

"ఎవడ్రా... ఎవడ్రా అక్కడ?" వాడి గొంతు గుసగుసైపోయింది.

ప్లగ్గు గుప్పిట్లో బిగించి, రెండో చేత్తో గొడ్డలెత్తాడు. అంతే — వాణ్ణెవరో పట్టుకుని కుదిపినట్టు ఒళ్లంతా ఎగిరెగిరి పడింది. గుప్పిట విప్పుకోలేకపోయాడు. గొడ్డలి జారి వాడి మోకాల్లోనే దిగింది. బొమ్మ స్టేషను కప్పంతా నెత్తురు. అరిచాడు, అరిచాడు... ఆగిపోయాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు.

నిన్న నేనే ఆ నేలమాళిగలోకి దిగాను.

అంత పెద్ద రైలుమార్గానికి ఒక ట్రాన్స్‌ఫార్మరు చాలదు. అందుకే కొండ వైపు ఒకటి, ఊరి వైపు ఒకటి పెట్టి, మధ్యలో పట్టాలు కోశాం. రెండు వైపుల కరెంటూ కలవకూడదని మొగుడూ పెళ్లాలిద్దరికీ చిలక్కి చెప్పినట్టు చెప్పాను. కలిస్తే, ఒక ప్లగ్గు పీకినా రెండోదాని కరెంటు పట్టాల మీదుగా వెనక్కొచ్చి, పీకిన ప్లగ్గు కొనల్లో నిలబడుతుంది — గోడలో ఉన్నంత బలంగా.

కోసిన చోట సరిగ్గా ఒక ఇంజను ఆగి ఉంది. ముందు చక్రాలు కొండ వైపు, వెనక చక్రాలు ఊరి వైపు.

హమ్మయ్య, దెయ్యమూ లేదు గియ్యమూ లేదు! ఇంజన్ని పక్కకి నెట్టబోయాను.

"ముట్టుకోకండి గెరోల్ట్ గారూ."

మెట్ల మీద హెడ్విగ్. ముక్కుకి కట్టు. గొంతులో మాత్రం ఏ తొణుకూ లేదు.

"కొలిచి మరీ పెట్టాను. రేపు వాడి కొడుకొస్తున్నాడు... ఇల్లు ఖాళీ చేయించడానికి."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.