గడపకు రెండు వైపులా

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది, ఒక శుక్రవారం ఉదయం, పలమనేరులో ధనంజయ ఇంటి గడప మీద రవికెలు కుట్టే చంద్రకాంత కాలు పడింది. అతని తల్లి రాఘవమ్మ అప్పుడే పెట్టిన పసుపు కుంకుమలు చెరిగిపోయాయి.

"ఏమమ్మా! గడప తొక్కేస్తివే! కండ్లు యాడ పెట్టుకున్నావు?"

"కండ్లు బాగానే ఉండాయి. కాలే లేవదు. మీ గడపను కొంచెం వంగమను, దాటుకుంటా."

అప్పుడు చూశాడు ధనంజయ. చిన్ననాటి జ్వరానికి ఆమె ఎడమ మోకాలు బిగుసుకుపోయింది. కుట్టి తెచ్చిన రవికెలు అతని చేతిలో పెట్టి, కర్ర ఊతంగా వెళ్లిపోయింది. ఆ పూట అతనికి అన్నం సహించలేదు.

తర్వాత రవికె గుడ్డలు తీసుకెళ్లే పని తనదేనన్నాడు. తనకిన్ని రవికెలు దేనికో రాఘవమ్మకు అర్థం కాలేదు.

ఒక వాన సాయంత్రం, చంద్రకాంత ఇంటి వసారాలో ధైర్యం చేశాడు.

"మా అమ్మకు కోడలుగా వస్తావా?"

ఆమె ముఖం వెలిగింది. అంతలోనే దిగులు పడింది.

"మీ ఇంట్లో ప్రతి గదికీ గడపే గదా?"

"ఉంటే ఏమి? ఎత్తుకొని దాటిస్తా."

"పెరట్లోకి పోవాలన్నా, దేవునికి దీపం పెట్టాలన్నా నిన్నే పిలవాల్నా? నేనేమన్నా వడ్ల మూటనా? నా కాళ్లతో తిరగలేని ఇంటికి నేను రానబ్బా."

మర్నాడు ధనంజయ మోకాలికి వెదురు బద్దలు కట్టుకుని ఇంట్లో తిరిగాడు. వంటింటి గడప దగ్గర తూలి నీళ్ల బిందె మీద పడ్డాడు. దేవుని గది ముందు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. పుట్టినప్పటి నుంచి మొక్కుతున్న గడప ఒకరికి అడ్డమని అప్పుడే తెలిసింది.

"ఏం వేషంరా ఇది?" అంది రాఘవమ్మ.

అంతా చెప్పాడు. "గడపలు కోసేద్దామా అమ్మా?"

"అపచారం! లక్ష్మిరా అది!" అని చెవులు మూసుకుంది. తర్వాత వంగి గడప మీది పసుపును వేలితో తాకింది. "ఆ తల్లి లోపలికి రావాలనే గదరా పసుపు పూసేది? వచ్చేదాన్ని బయటే నిలబెడితే ఎట్ల?"

కొంగు బిగించి తానే మట్టి పిసికింది. ప్రతి గడపకూ రెండు వైపులా ఏటవాలుగా మెత్తి, పేడతో అలికింది.

శుక్రవారం చంద్రకాంత రవికెలతో వచ్చి, వాకిట్లో ఆగి చూసింది. ధనంజయ చెయ్యి చాచాడు.

"పట్టుకోనా?"

"తప్పుకోబ్బా. ఇప్పుడు దారికి అడ్డం నువ్వే."

మెల్లగా ఎక్కి, ఒక్క అడుగులో గడప దాటి, దిగింది. దేవుని గదిలోకి వెళ్లి దండం పెట్టుకుని తిరిగి వచ్చింది. రాఘవమ్మ వంగి చూసింది. పసుపు ఎక్కడా చెరగలేదు.

ధనంజయ మాత్రం తన ప్రశ్నకు జవాబు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. చంద్రకాంత అతని వైపు చూడనైనా లేదు. కుట్టిన రవికె మడత విప్పి రాఘవమ్మ భుజానికి ఆనించింది.

"కొలత సరిపోయిందా, అత్తా?"