గోడకు రెండు దెబ్బలు

చిత్తూరు మిట్టూరులో మేముంటున్నది మూడో ఇల్లు. మొదటి రెండూ నా కీబోర్డు పుణ్యమా అని పోయాయి. పెళ్లి కచేరీల్లో వాయించి తెల్లవారుజామున ఇల్లు చేరడం, మూడు గంటలు కునుకు తీయడం, లేచి పాటలు రికార్డు చేయడం, ఇదీ నా బతుకు. ఇరుగుపొరుగుకు అదంతా గోల. ఈ ఇల్లు కూడా ఖాళీ చేయాల్సివస్తే బిడ్డను తీసుకుని పుట్టింటికి పోతానని నా భార్య పవిత్ర నెమ్మదిగా చెప్పింది. అరిచి చెప్పి ఉంటే అంత భయపడేవాణ్ణి కాదు.

పక్కింటికీ మాకూ మధ్య ఒకటే గోడ. అవతల గంగాధరం, యశోదమ్మ అనే పెద్దవాళ్లిద్దరే ఉంటారు. ఆయన కోర్టులో బంట్రోతుగా చేసి దిగిపోయాడు. పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది, మాట కూడా పోయింది. ఆయన మంచం ఆ గోడకే ఆనించి ఉండేది. ఇవతల నా స్టూడియో గది. నేను పాట మొదలుపెట్టిన కాసేపటికి అవతల నుంచి చేతికర్రతో గోడకు రెండు దెబ్బలు పడేవి. టక్... టక్. ఆపేసేవాణ్ణి. పావుగంట ఆగి మొదలుపెడితే మళ్లీ అదే. ముసలాయనకు నా పాట గిట్టదనుకున్నాను. మనసులో తిట్టుకున్నాను కూడా.

గోడలకు గుడ్ల అట్టలు అతికిస్తే చాలని ఫోన్‌లో ఎవరో చెబితే నమ్మి అరవై అట్టలు అతికించాను. శబ్దం ఆగలేదు గానీ బల్లులకు మంచి కాపురం కుదిరింది. చివరికి రేణిగుంటలో ఒక గోడౌన్ నుంచి మిగిలిపోయిన రాక్‌వూల్ కట్టలు తెచ్చాను, శబ్దాన్ని మింగేసే రాతి ఉన్ని. దూదిలా మెత్తగా ఉంటుంది, ముట్టుకుంటే దురద. వడ్రంగి వెంకటముని గోడకు నాలుగు వేళ్ల ఎడంలో చెక్క చట్రం కట్టి, అందులో ఆ ఉన్ని కూరి, పైన మందపు పలక బిగించి, దాని మీద స్పాంజి అతికించాడు. కిటికీ మూసేశాం. తలుపు చుట్టూ రబ్బరు వేశాం. పని అయ్యాక వెంకటముని లోపల ఒక్క నిమిషం నిలబడి బయటికి వచ్చేశాడు.

"నా గుండె నాకే వినపడతాండాది అబ్బా. ఒక కంతన్నా పెట్టుకో," అన్నాడు.

నవ్వి ఊరుకున్నాను. లోపల ఎంత గట్టిగా వాయించినా వీధిలో నిలబడిన పవిత్రకు ఏమీ వినపడలేదు. ఆ రోజు ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. ఇక ఆ గదికి పగలు లేదు. మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. కొత్త స్పాంజి వాసన, దాని కింద ఏదో మూసిపెట్టిన బీరువా వాసన. రెండు వారాలు గోడ మీద ఒక్క దెబ్బ కూడా వినపడలేదు. గెలిచాననుకున్నాను.

గంగజాతర దగ్గరికొచ్చింది. ఆ సాయంత్రంలోగా ఒక అమ్మవారి పాట ఇవ్వాలి. పవిత్ర డ్యూటీకి పోయింది. మధ్యాహ్నం యశోదమ్మ సంచి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"ఆసుపత్రికి పోయి మందులు తెస్తా నాయనా. రెండు గంటల్లో వచ్చేస్తా. ఆయనకు దాహమైతే గోడకు రెండు దెబ్బలు కొడతాడు. వినపడితే చెంబుడు నీళ్లు పోసి రా."

ఇన్నాళ్లూ ఆయన కొట్టింది నా పాటను ఆపమని కాదు. దాహమై. సిగ్గేసింది. అట్లే పెద్దమ్మా, నేను చూసుకుంటానని చెప్పి పంపించాను.

నిజంగానే చూసుకుందామనుకున్నాను. స్టూడియో తలుపు బార్లా తీసిపెట్టి కూర్చున్నాను. ఆటోలు, మామిడికాయల లారీ హారన్లు, అన్నీ మైకు గుండా పాటలోకి దూరాయి. నాలుగుసార్లు చెడింది. పాట నాలుగు నిమిషాలే కదా, ఒక్కసారి మూస్తే ఏమవుతుందనుకున్నాను. తలుపు మూసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించాను. రెండో చరణంలో తప్పింది. మళ్లీ వాయించాను. రెండు రాత్రుల నిద్ర బాకీ ఉంది. కీబోర్డు మీద తల ఎప్పుడు వాల్చానో నాకు తెలియదు.

తలుపు తీసేసరికి ఎండ పెరట్లోకి మళ్లింది. పక్కింట్లోంచి యశోదమ్మ ఏడుపు వినపడింది.

పరుగెత్తాను. పెద్దాయన సగం మంచం మీద, సగం కింద ఉన్నాడు. ఊపిరి లేదు. పెదాలు ఎండి పగిలాయి. కుడి చేతిలో కర్ర అలాగే ఉంది. నీళ్ల చెంబు మంచానికి మూరెడు దూరంలో ఉంది. మంచమెత్తున గోడకు అరచేయంత మేర పూత రాలిపోయి గుంట పడింది. కింద సున్నం పొడి.

"కొట్టినాడా నాయనా?" అంది యశోదమ్మ.

"లేదు పెద్దమ్మా. కొట్టలేదు."

ఆమె ఆ పొడి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. జనం వచ్చేలోపల చీపురు తెచ్చి పొడి ఊడ్చేసింది.

పదకొండో రోజు దాటాక ఆనాటి రికార్డింగు తెరిచాను. పాట మధ్యలో టక్... టక్. ఆ గదిలోకి బయటి శబ్దం రాదు. అయినా ఉంది. నేను నిద్రపోయిన తర్వాత కూడా మైకు పని చేస్తూనే ఉంది. టక్... టక్. పోను పోను ఎడం పెరిగింది. చివర ఒక్కటే దెబ్బ.

చెరిపేశాను. కొత్త పాట చేశాను. అందులోనూ ఉంది. ఇంకొకటి చేశాను. అందులోనూ... నిద్రపోవడం నేరం కాదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. కానీ ఆమె మొహం చూస్తూ అబద్ధమాడాను. అది మాత్రం ఏ ఉన్నితోనూ మూయలేకపోయాను.

ఒక మధ్యాహ్నం అన్నీ ఆపేసి, తలుపు మూసి, చీకట్లో కూర్చున్నాను. నా ఊపిరి. చెవుల్లో నా రక్తం హోరు. చాలాసేపు అంతే.

టక్...

గోడ అవతల కాదు.

టక్.

ఇవతలే. పలక వెనకాల. మోకాలెత్తున.

స్క్రూడ్రైవర్‌తో స్పాంజి చీల్చాను. పలక ఊడబెరికాను. ఉన్ని లాగితే చేతికి తడి తగిలింది. చల్లగా... ముద్దగా. ఆ గోడలో నీళ్ల పైపు లేదు. ఫోన్ లైటు వేశాను. నా వైపు గోడకు అరచేయంత గుంట. చట్రం అడుగున కొత్త సున్నం పొడి. ఆ నాలుగు వేళ్ల సందులో కర్ర కాదు కదా, చెయ్యి కూడా ఆడదు.

నిజం చెప్పేస్తే ఆగుతుందేమోననిపించింది. ఇంటికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని పక్కింటికి పోయాను. పవిత్ర డ్యూటీలో ఉంది, పాప బడిలో ఉంది. యశోదమ్మ ఖాళీ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఆమె కూడా నిద్రపోయి చాలా రోజులైనట్టుంది. గోడ దగ్గర నిండా నీళ్లతో ఇత్తడి చెంబు పెట్టి ఉంది.

"కొట్టినాడు పెద్దమ్మా ఆ పొద్దు. నేను తలుపు మూసుకున్నా. నాకు వినపళ్లేదు," అన్నాను.

"తెలుసు నాయనా. పొడి ఊడ్చింది నేనే కదా." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. "ఆయన పోయిన కాడ్నించీ మీ ఇంటి పక్కనుంచి కొడతాండారు. రెండు దెబ్బలు. నీకేమన్నా కావాల్నేమోనని మొదట్లో అనుకున్నా. తర్వాత నీళ్లు పెడతా వచ్చినా. ఈడ పెడతా, పొద్దునకు చెంబు వట్టిదిగా ఉంటాది."

నాకు తడి ఉన్ని గుర్తొచ్చింది. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

టక్... టక్.

ఇద్దరం గోడ వైపు చూశాం. తాళం వేసిన నా ఇంట్లోంచి.

యశోదమ్మ మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచింది. చెంబు తీసి నా చేతికిచ్చింది.

"నాకు ఓపిక లేదు నాయనా. ఈసారి నువ్వు పోసి రా."

రెండు చేతులా పట్టుకున్నాను. నీళ్లు అంచు దాకా ఉన్నాయి, ఒలక్కుండా నడిచాను. మా తాళం తీశాను. హాలు దాటాను. స్టూడియో తలుపు మూసి ఉంది. నేను తీసిపెట్టే వచ్చినట్టు గుర్తు. లోపల ఏ చప్పుడూ లేదు. ఏ చప్పుడైనా బయటికి రాకుండా కట్టించింది నేనే.

పిడి మీద చెయ్యి వేద్దామని చెంబును ఒక చేతిలోకి మార్చాను. తేలిగ్గా అనిపించింది. చూస్తే నీళ్లు సగానికి దిగి ఉన్నాయి. నేల మీద ఒక్క చుక్క కూడా లేదు.