టర్బో కారులో ప్రాణం తీసే చిప్

"నిన్నెవరూ అనుమానించరు సైదులు. ఈ అసైన్‌మెంట్ నీదే," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్.

అది పొగడ్తో కాదో సైదులుకు తెలియలేదు. మర్రిగూడ ఫ్లోరైడు బోరునీళ్లు తాగి పెరిగిన మనిషి. నలభై దాటకముందే వెన్నెముక కర్రలా బిగిసింది. మెడ పక్కకు తిరగదు. కింద కూర్చుంటే ఎవరో ఒకరు లేపాలి.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. క్షిపణి శాస్త్రవేత్త డాక్టర్ గుర్వయ్యకు పాత విదేశీ కార్లంటే ప్రాణం. పదేళ్లనాటి టర్బో కారొకటి కొని, దానికి పెర్ఫార్మెన్స్ చిప్ వేయిస్తున్నాడు. డ్యాష్‌బోర్డు కింద ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లో ఆ చిప్ మారిస్తే చాలు, ముసలి కారు కోడెదూడలా ఉరుకుతుంది. అదే అదనుగా ఒక విదేశీ ముఠా తన సొంత చిప్ తయారు చేసింది. వేగం నూట ఇరవై దాటగానే అది పెట్రోలు ఆపేస్తుంది. ఇంజన్ ఆగుతుంది, బ్రేకు బిగుసుకుంటుంది, వెనకే వచ్చే లారీ పని పూర్తి చేస్తుంది. పేపర్లో రోడ్డు ప్రమాదమని వస్తుంది.

హైదరాబాదు గ్యారేజీలో చిప్పులు బిగించేది జులేఖా. ఆమె నవ్వితే పని మరిచిపోయే మెకానిక్‌లు చాలామంది ఉన్నారు. ఆమె తమ మనిషేనని ముఠా నమ్మకం, తన మనిషేనని చీఫ్ నమ్మకం. ఆమె దొంగ చిప్‌కు బదులు మంచి చిప్ బిగించి, నార్కట్‌పల్లి వచ్చి కోడ్ వర్డ్ చెప్పాలి. సల్ల, అంటే మజ్జిగ, తియ్యగున్నదంటే పని అయినట్టు. పుల్లగున్నదంటే చెడినట్టు.

మధ్యాహ్నం నార్కట్‌పల్లి చౌరస్తాలో జులేఖా బురఖాలో బస్సు దిగింది. హోటల్ బల్ల మీద సైదులు ఎదురుగా కూర్చుంది.

"సల్ల పుల్లగున్నదన్నా."

కంప్యూటర్ మూత బిగించేదాకా ముఠా మనిషి పక్కనే నిలబడ్డాడట. మంచి చిప్ ఇంకా ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. నల్గొండ కాలేజీలో ఉపన్యాసానికి డాక్టర్ అప్పుడే బయల్దేరాడు. చౌటుప్పల్ దాటే ఉంటాడు. ఇక్కడిదాకా ట్రాఫిక్ ఎక్కువ గనక వేగం పెరగదు. ఇక్కడ నల్గొండ రోడ్డు ఎక్కాడంటే మాత్రం ఖాళీ రోడ్డు.

సైదులు ట్రంక్ కాల్ ప్రయత్నించాడు, లైను చచ్చింది. టిఫిన్ డబ్బాలో దాచిన వైర్‌లెస్ బుస్సుమని ఊరుకుంది. చౌరస్తాలోని కానిస్టేబుల్ పర్వతాలును బతిమాలాడు. సీక్రెట్ ఏజెంట్ దగ్గర ఐడెంటిటీ కార్డు ఉండకూడదు కదా. పర్వతాలు అతన్ని ఎగాదిగా చూసి, ఎండ దెబ్బ తగిలినట్టుంది, నీడకు పొమ్మన్నాడు. నల్గొండ మలుపులో ఒక లారీ ఇంజన్ ఆపకుండా కాచుకుని ఉంది.

"పిస్తోలు లేదా నీ తాన?" అని అడిగింది జులేఖా.

"ఉన్నది. మెడ తిరగకుంటే గురి ఏడ కుదురుతది?" అన్నాడు సైదులు. "చెయ్యెత్తితే గాయన ఆపడు. మనిషి అడ్డం పడితె ఆపుతడు. నన్ను రోడ్డు మీద పండవెట్టు."

ఆమె ఒక్క క్షణం అతని కళ్లలోకి చూసింది. తర్వాత చంకల్లో చేతులేసి నడిపించుకెళ్లి, మలుపుకు ముందు తారు మీద మెల్లగా పడుకోబెట్టింది.

"జర పైలం," అని పక్కకు తప్పుకుంది.

ఎటు వెళ్లిందో అతనికి కనిపించలేదు. ఆకాశం, కరెంటు తీగ, అంతే. తారు వీపును కాలుస్తోంది. ఒక చెవిలో లారీ గుర్రు, ఇంకో చెవిలో దూరంగా టర్బో ఈల. తనను పడుకోబెట్టింది కారుకు అడ్డంగానా, లారీ దారిలోనా? పొర్లి తప్పుకుందామని చూశాడు. ఒళ్లు కదలలేదు. అమ్మను తలుచుకున్నాడు.

బ్రేకులు కీచుమన్నాయి. కాలిన రబ్బరు వాసన. టైరు అతని భుజాన్ని తాకి ఆగింది.

డాక్టర్ గుర్వయ్య ఇంజన్ ఆపి దిగి, తాగినవా అని కసిరాడు. లేదు సార్, కళ్లు తిరిగినయన్నాడు సైదులు. కారు వెనకే వచ్చి ఆగిన బస్సులోని జనమంతా దిగి చుట్టూ మూగారు. అంతమంది కళ్ల ముందు ఏం చేయలేక లారీ వెనక్కి తిరిగి హైదరాబాదు దారి పట్టింది. జనం అతన్ని రోడ్డు పక్కకు మోశారు. గుంపు చాటున బురఖా ఒకటి డాక్టర్ కారు డోరు తీసి డ్యాష్‌బోర్డు కిందికి వంగి లేచింది.

"సల్ల తియ్యగైందన్నా," అని చెవిలో ఒక మాట వినిపించింది. వెంటనే బస్సు కదిలింది. ఆమె అందులో వెళ్లిపోయింది.

నిజమేనా? టర్బో కారు నల్గొండ రోడ్డు ఎక్కింది. ఈల సన్నగా, ఇంకా సన్నగా పైకి లేచింది. సైదులు ఊపిరి బిగబట్టాడు. ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది. ఆగలేదు. దూరమై, గాలిలో కలిసిపోయింది. అతని కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. తుడుచుకోవడానికి చెయ్యి రాలేదు.

సాయంత్రానికి లైను బాగుపడింది. ఠాణా ఫోన్‌లో చీఫ్ గొంతు ఆత్రంగా పలికింది. జులేఖా చెప్పిన గుర్తులతో లారీ చౌటుప్పల్ దగ్గర దొరికింది, ముఠా మొత్తం బయటపడింది, మరి నీ సంగతేమిటి అన్నాడు.

సైదులు పక్కనే రాసుకుంటున్న పర్వతాలుకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

"మిషన్ సక్సెస్ సార్. తాగి రోడ్డుకు అడ్డం పన్నడని కేసు వెట్టిండ్రు. జర బెయిలుకు ఎవరినన్న పంపుండ్రి."